బస్తీ రోజువారీ పనుల మీద పన్నెండు బొమ్మలు: కదిలే మనుషులు, ఇరుకు సందులు, ప్రెస్ లేకుండా ప్రింట్లు

గచ్చుమీదబొగ్గు:

తెల్లారినప్పటి నుంచి దీపాలార్పే దాకా ఒక బస్తీలో జరిగే మామూలు పనుల మీద పన్నెండు బొమ్మల వరుస చేయాలనుకుంటున్నాను. కుళాయి దగ్గర క్యూ, గుమ్మంలో కుట్టుమిషన్, పంక్చర్లు వేసే చోటు, డాబా మీద బట్టలారేయడం, ఇలాంటివి. చేతిలో ఉన్నవి: ఏ5 స్కెచ్ పుస్తకం, బాల్ పెన్ను, 4బి పెన్సిలు, చిన్న వాటర్‌కలర్ డబ్బా. రోజుకి గంటన్నర మించి దొరకదు.

ఇబ్బందులు ఇవీ. మనుషులు నిమిషం కూడా నిలబడరు. ఫొటో తీసుకుని ఇంటికొచ్చి గీస్తే బొమ్మలో జీవం ఉండట్లేదు. సందు ఆరడుగుల వెడల్పు, ఎక్కడ నిలబడ్డా ఎదుటి గోడ మొత్తం కంటికి ఆనదు. రేకులు, పరదాలు, తీగలు అన్నీ గీస్తే బొమ్మ చిక్కుపడ్డ దారపు ఉండలా అవుతోంది. వదిలేస్తే అది ఏ వీధైనా కావచ్చు అన్నట్టుంటోంది.

చివరికి వీటిని లైనోకట్ ప్రింట్లుగా (లైనోలియం షీటు మీద బొమ్మ చెక్కి, ఇంకు పూసి కాగితం మీదికి తీసేవి) చేసి ఒక్కోటి ఇరవై కాపీలు తీయాలి, అదే సందులో పెట్టాలి. అచ్చు నొక్కే ప్రెస్ లేదు. చూసినవాళ్ళు "అయ్యో పాపం" అనే బొమ్మలు వద్దు. ఎవరి బొమ్మ వాళ్ళు చూసుకుని "అవును, నేను ఇలాగే ఎత్తుతా" అనాలి. ఏ వరుసలో వెళ్ళాలో చెప్పండి.

నాలుగోగీత:

మొదటి వారం బొమ్మలు వేయకండి, క్రియాపదాలు రాయండి. ఏడు రోజులు, రోజుకి నాలుగు విడతలు (పొద్దున్నే, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం, దీపాలు పెట్టాక), విడతకి ఇరవై నిమిషాలు. ఒక్కో విడతకి ఒక పేజీ, మొత్తం 28 పేజీలు. ఒంపింది, తొణికింది, చంకనెత్తుకుంది, పిండింది, దులిపింది, సూదిలో దారం ఎక్కించింది, ట్యూబు నీళ్ళలో ముంచి బుడగ ఎక్కడొస్తుందా అని చూశాడు. ఇంతే. "పేద", "ఇరుకు", "మురికి" లాంటి విశేషణాలు ఆ పేజీల్లోకి రానివ్వకండి. వాటికి బొమ్మ ఉండదు, పిండడానికి ఉంటుంది. వారం చివర మూడుసార్లకి తక్కువగా వచ్చిన పనులన్నీ కొట్టేయండి. గొడవ, అంబులెన్సు, ఎవరింట్లోనో పెళ్ళి హడావిడి చూడ్డానికి బాగుంటాయి గానీ మీరు అడిగింది రోజువారీ. మిగిలిన వాటిలోంచి పన్నెండు ఎంచుకోండి. ఒక్కో విడత నుంచి కనీసం రెండు ఉండేలా చూసుకోండి, లేకపోతే అన్నీ పొద్దుటి కుళాయి బొమ్మలే అవుతాయి.

కదిలే మనుషుల సంగతి. పని చేసే మనిషి ఊరికే కదలడు, తిరిగి తిరిగి అదే కదలికలోకి వస్తాడు. నీళ్ళు పట్టే మనిషికి వంగడం, పట్టి ఉంచడం, ఎత్తడం, తిరగడం అని నాలుగు ఆగుళ్ళు. పేజీని నాలుగు భాగాలు చేసి నాలుగు బొమ్మలూ ఒకేసారి మొదలుపెట్టండి. వంగినప్పుడు మొదటి దాంట్లో రెండు గీతలు, ఎత్తినప్పుడు మూడో దాంట్లో రెండు గీతలు. ఆరేడు చుట్లు తిరిగేసరికి నాలుగూ నిండుతాయి. మనిషి మారితే గాభరా పడొద్దు, పని అదే కాబట్టి వంపు దాదాపు అదే. మొదటి గీత ఎప్పుడూ తల నుంచి బరువు ఆనిన పాదం దాకా. ముఖం ఆఖర్న, అవసరమైతేనే. బయట గీయడానికి పెన్సిలు కంటే బాల్ పెన్ను మేలు: చెరగదు, మెత్తగా నొక్కితే లేత గీత కూడా పడుతుంది, రబ్బరు వెతుక్కునే పని లేదు.

బరువు కనబడాలంటే ఒక లెక్క ఉంది. 15 లీటర్ల బకెట్ నిండితే నీళ్ళే 15 కిలోలు. అది ఒక చేతిలో ఉంటే ఒళ్ళు రెండో వైపుకి వాలుతుంది, ఖాళీ చేయి బయటికి లేస్తుంది. మనిషినీ బకెట్‌నీ కలిపి ఒకే వస్తువు అనుకోండి. దాని బరువు మధ్య నుంచి నిట్టనిలువుగా గీత దించితే అది నేలకి ఆనిన పాదం మీద పడాలి. పడకపోతే మీ మనిషి ఖాళీ బకెట్ మోస్తున్నట్టే ఉంటాడు, బకెట్లో నీళ్ళు ఎంత బాగా గీసినా సరే. తల మీద బరువైతే వేరు: మెడ, వెన్ను ఒకే గీత, అడుగు పొట్టిది, చూపు నేల మీద కాదు, ముందుకి. ఊగేది నడుము ఒక్కటే.

ఫొటో బొమ్మలో జీవం లేకపోవడానికి కారణం ఫొటో కాదు, ఆ ఒక్క క్షణం. ఫోను మామూలు లెన్సు వెడల్పుగా చూస్తుంది కాబట్టి దగ్గర్లో ఉన్న చేయి పెద్దదై, అంచుల్లో ఉన్నవాళ్ళు సాగుతారు. పైగా కదలిక మధ్యలో ఎక్కడో ఆగిన చిత్రం అది, బరువు ఎటు పోతోందో తెలియదు. పది సెకన్ల వీడియో తీసి, దాన్ని ఆపకుండా తిప్పుతూ గీయండి. ఆపారంటే మళ్ళీ ఫొటోనే. కుట్టుమిషన్ చక్రం, కిటికీ ఊచల డిజైను లాంటి కదలని వాటికి ఫొటో నిక్షేపంగా వాడొచ్చు.

ఇరుకు సందుకి రెండు దారులు. మొదటిది సందు పొడవునా చూడటం. మీరు నిలబడి ఉంటే, నేల చదునుగా ఉంటే, మీ ఎత్తున్న మనుషుల తలలన్నీ దగ్గరైనా దూరమైనా మీ కంటిగీత (మీ కళ్ళ ఎత్తులో అడ్డంగా ఊహించుకునే గీత) మీదే ఉంటాయి. గుమ్మంలో కూర్చుంటే అదే కంటిగీత నిలబడ్డవాళ్ళ నడుం దగ్గరికి దిగుతుంది. బస్తీ ఇళ్ళు ఒకదానికొకటి సమాంతరంగా ఉండవు, అందువల్ల ప్రతి గోడకీ దాని సొంత మాయమయ్యే బిందువు (దాని అడ్డగీతలు దూరంలో కలిసినట్టు కనబడే చోటు) ఉంటుంది. అవన్నీ ఆ ఒక్క కంటిగీత మీదే పడతాయని గుర్తుంటే చాలు. సందు ఎత్తుకి ఎక్కుతుంటే నేల గీతలు మాత్రం కంటిగీతకి పైన కలుస్తాయి, దిగుతుంటే కింద. గుమ్మాల పై కమ్ములు, అరుగుల గీతలు మాత్రం కంటిగీత మీదికే పోతాయి. అందరూ తప్పేది ఇక్కడే. నేలని, అరుగులని ఒకే చోటికి పంపిస్తే వాలు మాయమైపోతుంది.

రెండోది ఎదుటి గోడ. ఆరడుగుల దూరం నుంచి అది ఎప్పటికీ ఒక్క చూపులో పట్టదు, పట్టించకండి. పొడవాటి కాగితాన్ని విసనకర్రలా మడతపెట్టి, పక్కకి అడుగులేసుకుంటూ ఒక్కో గుమ్మాన్నీ ఎదురుగా నిలబడి గీయండి. 1:50 కొలత పెట్టుకుంటే రెండు మీటర్ల తలుపు 4 సెంటీమీటర్లు, 30 మీటర్ల ఇళ్ళ వరుస 60 సెంటీమీటర్లు. మీ అడుగు పొడవు ఒకసారి కొలుచుకుంటే టేపు అక్కర్లేదు. ఇది పన్నెండు బొమ్మల కింద పట్టీలా కూడా పనికొస్తుంది.

రేకులు, పరదాలు, తీగలు. ముడతల ఇనుప రేకులో ఒక మిట్ట నుంచి ఇంకో మిట్టకి సాధారణంగా 3 అంగుళాలు, అంటే పదడుగుల చూరుకి నలభై ముడతలు. నలభై గీయకండి. చూరు అంచున అలల గీత వేయండి, రేకు మీద రెండు మూడు చోట్ల నీడ గీతలు వేసి మిగతాది వదిలేయండి, కన్ను నింపుకుంటుంది. తుప్పు ఎక్కడ పడితే అక్కడ రాదు. కోసిన అంచులు, మేకు చిల్లులు, ఒక రేకు మీద ఇంకోటి ఎక్కిన చోటు, అక్కడ మొదలై పల్లం వెంబడి కిందికి కారుతుంది. మేకులు మిట్టల మీద కొడతారు, పల్లంలో కాదు, నీళ్ళు దిగకుండా. పరదాలో మడతలన్నీ కట్టిన ముళ్ళ దగ్గర నుంచి విసనకర్రలా విచ్చుకుంటాయి, మధ్యలో వాన నీరు నిలిచిన పొట్ట ఉంటుంది. తీగలు అన్నిటికంటే ఆఖర్న, మోచేయి కాదు భుజం కదిలించి ఒకే ఊపులో. ఆకాశం మీద తీగ నల్లగా, చీకటి గోడ మీద అదే తీగ తెల్లగా కనబడుతుంది. ఆ మార్పు ఒక్కటి పట్టుకుంటే యాభై తీగలకి బదులు ఐదు చాలు.

ఉలిచెక్క:

పైన చెప్పినవి పెన్ను బొమ్మకి సరిపోతాయి. లైనోకి వచ్చేసరికి నాలుగోగీత గారు చెప్పిన సన్నటి గీతలు సగం ఎగిరిపోతాయి. లైనోలో ఆలోచించాల్సింది గీత గురించి కాదు, నలుపు ముద్ద గురించి. పెన్ను స్కెచ్ పక్కన పెట్టుకుని, అగ్గిపెట్టెంత సైజులో నల్ల మార్కరుతో మళ్ళీ వేయండి. ఒక్కో బొమ్మకి మూడు నాలుగు. ఆ సైజులో పని అర్థమైతేనే చెక్కండి. గుమ్మం లోపలి చీకటి మీకు దొరికిన వరం: తలుపు చట్రమంతా నలుపు, దాని ముందు తెల్లటి మోచేయి, మిషన్ చక్రం. చెక్కే పని కూడా తగ్గుతుంది.

షీటు 3.2 మిల్లీమీటర్ల మందం మామూలుగా దొరికేది. సైజు 15 x 20 సెంటీమీటర్లు పెట్టుకోండి, పన్నెండూ ఒకే సైజు. అంతకంటే పెద్దవైతే చేత్తో రుద్దడం కష్టం, నలుపు సమంగా రాదు. పాతబడిన లైనో గట్టిపడి పెళుసుగా విరుగుతుంది. పది నిమిషాలు ఎండలో పెడితేనో, హెయిర్ డ్రయర్ వేడి తగిలిస్తేనో వెన్నలా తెగుతుంది. చల్లారితే మళ్ళీ వేడి చేసుకోవాలి. కొత్త షీటు మీద సన్నటి మెరుపు ఉంటుంది, దాన్ని 400 నంబరు గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది తుడవండి, ఇంకు పట్టుకుంటుంది.

బొమ్మ దించడం: ట్రేసింగ్ కాగితం మీద మెత్తటి పెన్సిలుతో గీసి, గీసిన వైపు లైనోకి ఆనేలా బోర్లించి వెనక నుంచి రుద్దండి. బ్లాకు (చెక్కే లైనో ముక్క) మీద అద్దంలో బొమ్మ పడుతుంది, ప్రింటులో తిన్నగా వస్తుంది. బోర్డుల మీది అక్షరాలు ఉంటే ఇదొక్కటే నమ్మకమైన దారి. కార్బన్ కాగితం పెట్టి తిన్నగా దించితే ప్రింటులో అక్షరాలు తిరగబడతాయి, ఎడంచేతి దర్జీ తయారవుతాడు.

పనిముట్లు రెండు చాలు: గీతలకి వి ఆకారపుది, ఖాళీ చేయడానికి వెడల్పాటి యు ఆకారపుది. తిరిగే వంపు వచ్చినప్పుడు చేయి తిప్పకండి, బ్లాకుని తిప్పండి. రెండో చేయి ఎప్పుడూ పనిముట్టుకి వెనకే ఉండాలి. మొద్దుబారిన పనిముట్టు జారుతుంది, వాడిది జారదు. చేతులు కోసుకునేది చాలావరకు మొద్దు పనిముట్టుతోనే. అరగంటకోసారి తోలుముక్క మీద పాలిష్ పేస్టు రాసి నూరండి. లోతు ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటనక్కర్లేదు, కింద గోనె బట్ట కనబడితే ఎక్కువ తవ్వినట్టు. నల్లగీతకి రెండు వైపులా గోడ వాలుగా ఉండాలి. నిట్టనిలువుగా కోస్తే సన్నటి గీతలు రుద్దేటప్పుడు ఒరిగిపోతాయి. ఖాళీ చేసిన చోట మిగిలే చిన్న మిట్టలు ప్రింటులో గీతలు గీతలుగా పడతాయి. గోడలకి, వానకి అవి అందమే, ముఖాల దగ్గర మాత్రం శుభ్రంగా తీసేయండి.

ఇంకు. నీళ్ళతో కడిగేది వేడి వాతావరణంలో ఇంకు పరిచే పలక మీదే ఆరిపోతుంది, రెండు చుక్కల గ్లిసరిన్ కలిపితే కాస్త ఆగుతుంది. నూనె ఇంకు నలుపు లోతుగా వస్తుంది, అయితే ఆరడానికి మూడు రోజుల నుంచి వారం. కడగడానికి వంటనూనె రాసి గుడ్డతో తుడిచి తర్వాత సబ్బు. గాజు పలక మీద సన్నగా పరిచి రోలరు నడపండి. సన్నటి బుస్సుమనే చప్పుడు వస్తే పొర సరిగ్గా ఉన్నట్టు, జిగట చప్పుడు చేస్తూ అంటుకుంటుంటే ఎక్కువైనట్టు.

కాగితం 80 నుంచి 120 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) లోపు, నున్నటిది. చేత్తో రుద్దేటప్పుడు మందపాటిది ఎంత మొత్తుకున్నా ఇంకు తీసుకోదు. స్టీలు గరిటె వీపుతో మధ్య నుంచి అంచులకి చిన్న చుట్లు తిప్పుతూ మూడు నుంచి ఐదు నిమిషాలు. కాగితం పైన ఇంకో పల్చటి కాగితం వేసుకుంటే చిరగదు. ఒక మూల నొక్కి పట్టుకుని ఎదుటి మూల ఎత్తి చూడండి, చాలకపోతే తిరిగి దించి రుద్దొచ్చు. బ్లాకుని ఒక అట్ట మీద పెట్టి, రెండు పక్కల ఎల్ ఆకారంలో అట్ట ముక్కలు అంటిస్తే ప్రతి ప్రింటూ ఒకే చోట పడుతుంది.

ఇక లెక్క చూసుకోండి. 12 బొమ్మలు, 20 కాపీలు, 240 ప్రింట్లు. ఇంకు పూయడం, రుద్దడం కలిపి ఒక్కోదానికి 8 నిమిషాలంటే 32 గంటలు. రోజుకి గంటన్నర చొప్పున మూడు వారాలు దాటుతుంది, చెక్కడం కాకుండా. పాడయ్యేవాటికి ఒక్కో బొమ్మకి నాలుగైదు కాగితాలు అదనంగా కోసి ఉంచుకోండి. ఒకే బ్లాకుని చెక్కుతూ చెక్కుతూ రంగులు వేసే పద్ధతి జోలికి ఇప్పుడు వెళ్ళొద్దు. అందులో వెనక్కి రావడం ఉండదు.

నీడపట్టు:

నలుపే కావాలన్న ఉలిచెక్క గారి మాటతో కొంచెం తేడా ఉంది నాకు. బస్తీ అంటే నలుపూ తెలుపూ అని ముందే తీర్మానించుకోవడంలోనే సగం "అయ్యో పాపం" ఉంది. తీగ మీద ఆరేసిన బట్టల్లో, గోడల సున్నంలో, ప్లాస్టిక్ బిందెల్లో ఉన్నన్ని రంగులు సంపన్నుల వీధుల్లో కనబడవు. పన్నెండుకీ కలిపి నాలుగు రంగులు పెట్టుకోండి.

బొమ్మలన్నీ ఒక కుటుంబంలా కనబడటానికి అమెరికన్ చిత్రకారుడు జేకబ్ లారెన్స్ పద్ధతి చూడండి. దక్షిణాది నుంచి ఉత్తరాది నగరాలకి వలసపోయిన నల్లజాతి అమెరికన్ల మీద 1940-41లో ఆయన 60 పలకల మీద బొమ్మలు వేశారు, ఒక్కోటి 12 x 18 అంగుళాలు. ముందు అన్నిటికీ వ్యాఖ్యలు రాసుకుని, స్కెచ్‌లు వేసుకుని, తర్వాత ఒక్కో రంగూ కలిపి దాన్ని అవసరమున్న పలకలన్నిటి మీదా పూశారు, ఆ తర్వాతే ఇంకో రంగు. ముదురు నుంచి లేతకి. అందుకే అరవై పలకల్లోనూ ఆకుపచ్చ ఒకటే ఆకుపచ్చ.

మీకు వాటర్‌కలర్ ఉంది కాబట్టి వరుస తిరగేసి లేత నుంచి ముదురుకి వెళ్ళండి. నీలి పరదాకి అల్ట్రామెరీన్, ఎండకి వెలిసిన వైపు అదే నీలంలో నీళ్ళు ఎక్కువ. గోడలకి ఎల్లో ఓకర్. తుప్పుకి బర్న్‌ట్ సియెన్నా. నాలుగోది మీ బస్తీ చెప్పాలి. ట్యూబు నలుపు వద్దు. అల్ట్రామెరీన్, బర్న్‌ట్ సియెన్నా కలిపితే నీడకి కావలసిన ముదురు వస్తుంది, చల్లగా కావాలంటే నీలం కొంచెం ఎక్కువ. ప్రింటు మీద చేత్తో రంగు వేయాలంటే నూనె ఇంకుతో తీసి వారం ఆరనివ్వండి, నీళ్ళ ఇంకైతే కుంచె తగలగానే కారుతుంది. పల్చటి కాగితం ముడతపడకుండా ఒక్కో ప్రింటులో ఒకే చోట, ఒకే రంగు, అది కూడా దాదాపు పొడి కుంచెతో.

ఉలిచెక్క:

ఒక్క రంగు, ఒక్క చోట అంటే అభ్యంతరం లేదు. 240 ప్రింట్లకి నాలుగేసి రంగులంటే ఈ ఏడు పూర్తి కాదు.

గుమ్మంఅవతల:

చెక్కేలోపు తేల్చుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి, ఎందుకంటే లైనోలో తీసేసింది తిరిగి రాదు.

అనుమతి ఒకటి కాదు, మూడు. గీయడానికి, గోడకి పెట్టడానికి, ఇంటర్నెట్‌లో పెట్టడానికి వేరువేరుగా అడగండి. అమ్మే ఆలోచన ఉంటే అది నాలుగోది. గీయడానికి సరేనన్న మనిషి ఊరంతా చూడ్డానికి సరేనన్నట్టు కాదు. చెక్కడానికి ముందు మార్కరు బొమ్మ చూపించి, ఫలానా రోజు దాకా వద్దనవచ్చని చెప్పండి. ఆ గడువు చెక్కడం మొదలయ్యే రోజుకి ముందు ఉండాలి. పిల్లలైతే ఇంట్లో పెద్దవాళ్ళని అడగాలి, పిల్లల్ని కూడా అడగాలి. బొమ్మలో ఉన్న ప్రతివాళ్ళకీ ఒక కాపీ పక్కన పెట్టండి, ఇరవై కాపీల లెక్కలో వీటిని కలపకండి.

బొమ్మ సాక్ష్యం కూడా అవుతుంది. ఇది చాలామందికి తట్టదు. స్తంభం నుంచి నేరుగా లాగిన కరెంటు తీగ, అనుమతి లేకుండా వేసిన పై గది, రోడ్డు మీదికి జరిపిన అరుగు, వీటిని గుర్తుపట్టేలా గీసి ఇంటర్నెట్‌లో పెడితే జరిమానా, కూల్చివేత ఆ ఇంటివాళ్ళకి పడతాయి, గీసినవాళ్ళకి కాదు. ఇంటి నంబరు, మీటరు నంబరు, బోర్డు మీది ఫోను నంబరు, బడి యూనిఫారం బ్యాడ్జి తీసేయండి. ఫోనులో తీసిన ఫొటోలు పెట్టేముందు లొకేషన్ వివరాలు చెరిపేయండి. వ్యాఖ్యలో "రోజూ నాలుగింటికి ఒక్కతే కుళాయికి వెళ్ళే" లాంటి వాక్యం రాయకండి. అది చిరునామా కంటే ప్రమాదం.

"అయ్యో పాపం" ఎక్కడ పుడుతుందంటే ఎక్కువగా కంటిగీత దగ్గర. కూర్చున్న మనిషిని నిలబడి గీస్తే పై నుంచి చూసినట్టే ఉంటుంది. వాళ్ళు కూర్చుంటే మీరూ కూర్చోండి. చేతుల్నీ పనిముట్లనీ ఫ్రేము అంచున కోసేయకండి. పని చేతిలో ఉంది, దాన్ని కోసేస్తే మిగిలేది ముఖంలో అలసట ఒక్కటే. ఒంటరి మనిషి, వెనక ఖాళీ గోడ అనే కూర్పు పన్నెండులో ఒకటికి మించనివ్వకండి. బస్తీలో మనిషి పక్కన మనిషి ఉండటమే మామూలు.

వ్యాఖ్యలు కూడా క్రియతోనే. "పేద దర్జీ మహిళ" అన్నది చూసేవాడి తీర్పు. "చొక్కాకి కాజాలు కుడుతోంది, ఇది ఏడోది" అన్నది సమాచారం. పేరు వేయమంటే వేయండి, వద్దంటే వద్దు, ఊహించిన పేరు మాత్రం పెట్టకండి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ డొరోథియా లాంజ్ 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర తీసిన వలస తల్లి ఫొటో ప్రపంచమంతా తిరిగింది. అందులో ఉన్న ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ పేరు జనానికి తెలిసింది 1978లో. ఆ ఫొటో వల్ల తనకి ఒక్క పైసా రాలేదని, తీయనివ్వకుండా ఉండాల్సిందని ఆమె అప్పుడు చెప్పింది. నలభై రెండేళ్ళ పాటు ఆమె "ఒక తల్లి" మాత్రమే.

గచ్చుమీదబొగ్గు:

అందరికీ ధన్యవాదాలు. క్రియాపదాల వారం అయింది, పన్నెండు తేలాయి, మూడు బ్లాకులు చెక్కడం పూర్తయింది. మూడు ప్రశ్నలు. ప్రూఫుల్లో (పరీక్షగా తీసిన ప్రింట్లలో) నల్ల భాగాల్లో తెల్ల చుక్కలు పడుతున్నాయి, అంచుల్లో మాత్రం ఇంకు ముద్ద కడుతోంది. పంక్చరు వేసే మనిషి గొంతుక్కూర్చున్న బొమ్మ వెనక్కి పడిపోతున్నట్టుంది. గోడకి పెట్టడం గురించి ఎవరూ చెప్పలేదు. సందులో గోడలు చెమ్మ, సున్నం రాలుతోంది.

ఉలిచెక్క:

వరసగా మూడు ప్రింట్లు తీసి పక్కపక్కన పెట్టండి. చుక్కలు మూడింట్లోనూ ఒకే చోట ఉంటే బ్లాకు అక్కడ పల్లంగా ఉంది. బ్లాకు వెనక సరిగ్గా ఆ చోట పల్చటి కాగితం ముక్క అంటించండి, చాలకపోతే ఇంకోటి. చుక్కలు ప్రతి ప్రింటులో చోటు మారుతుంటే అది దుమ్ము, లైనో పొట్టు, లేదా ఆరిన ఇంకు పెంకు. బ్లాకుని మెత్తటి బ్రష్షుతో దులిపి, పలక మీది పాత ఇంకు మొత్తం గీకి కొత్తది పరవండి. నలుపు అంతటా ఇసక చల్లినట్టు పలచగా ఉంటే ఇంకు తక్కువ, లేదా రుద్దడం తక్కువ.

అంచుల ముద్ద రోలరు వల్ల. బ్లాకు దాటి బయటికి దిగేటప్పుడు రోలరు అంచు మీదికి ఒరిగి అక్కడ ఇంకు గీకుతుంది. బ్లాకు చుట్టూ అదే మందం ఉన్న లైనో ముక్కలు పేర్చి వాటి మీదుగా నడపండి, ప్రింటు తీసేముందు వాటిని తీసేయండి. నొక్కకుండా, నాలుగు దిక్కుల నుంచీ, పొర పొరగా.

నాలుగోగీత:

గొంతుక్కూర్చున్నప్పుడు మడమలు నేలకి ఆనితే మోకాళ్ళు కాలివేళ్ళని దాటి ముందుకొస్తాయి, ఒళ్ళు తొడల మీదికి వంగుతుంది, చేతులు మోకాళ్ళకి ముందు ఉంటాయి. నడుము మడమలకి వెనక ఉంటుంది కాబట్టి దానికి తూకంగా తల, భుజాలు, చేతులు ముందుకి రావాలి. మీరు వెన్ను నిటారుగా గీసి ఉంటారు. చెవి నుంచి నిలువు గీత దించి చూడండి, అది పాదం ముందు భాగం దగ్గర దిగాలి. మడమలు పైకి లేపి వేళ్ళ మీద కూర్చునే మనిషైతే వెన్ను కొంచెం నిటారుగా ఉన్నా నిలబడుతుంది. మీ మనిషి ఏ రకమో వెళ్ళి పాదాలు చూడండి, మిగతాది దాన్నిబట్టి దిద్దుకోవచ్చు. బ్లాకు చెక్కేసి ఉంటే వెనక గోడ నలుపుని తొలిచి వీపుని వంచొచ్చు.

తాడూక్లిప్పులూ:

చెమ్మ గోడకి మీరు తీసిన లైనో ప్రింట్లు అంటించకండి. అసలువి తీగ మీద, నకళ్ళు గోడ మీద.

గోడకి నకళ్ళు లేజర్ ప్రింటు లేదా జిరాక్సు. ఇంక్‌జెట్ తడి తగలగానే కారుతుంది. మైదా బంకకి ఒక వంతు పిండి, ఐదు వంతుల నీళ్ళు. పిండిని ముందు ఒక వంతు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మిగతా నాలుగు వంతులు మరుగుతున్నప్పుడు పోస్తూ తిప్పాలి. తెల్లదనం పోయి గాజులా పారదర్శకంగా అయ్యాక దించి వడకట్టండి. రెండు రోజుల్లో పులుస్తుంది, ఎంత కావాలో అంతే కాచుకోండి. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు కొందరు. పిల్లలు ముట్టుకునే, పశువులు నాకే గోడకి ఆ విషం వద్దు. రాలే సున్నాన్ని గట్టి బ్రష్షుతో గీకి, తడిపి, ఒక పూత బంక పూసి పది నిమిషాలు ఆరనివ్వండి. తర్వాత రెండో పూత, కాగితం, పైన పల్చగా ఇంకో పూత. మధ్య నుంచి అంచులకి బ్రష్షు లాగితే బుడగలు పోతాయి. అంచులు ఊడితే గాలికి మొత్తం ఊడుతుంది, అక్కడ బంక ఎక్కువ పెట్టండి. గోడకి పూతే పనికిరాని స్థితిలో ఉంటే, మేకులు కొట్టకుండా, పాత ప్లైవుడ్ పలక ఆనించి దాని మీద అంటించడం నయం.

ప్రదర్శనశాలల్లో బొమ్మ మధ్యభాగం నేల నుంచి దాదాపు 150 సెంటీమీటర్ల ఎత్తులో పెడతారు. అది నిలబడి చూసేవాళ్ళకి. గుమ్మాల్లో కూర్చుని చూస్తారు, పిల్లలు చూస్తారు, కాబట్టి 120కి దించండి. ఆరడుగుల సందులో జనం నడుస్తుంటే చూసే దూరం మీటరుకి మించదు. ఆ దూరానికి ఏ4 నుంచి ఏ3 దాకా సరిపోతుంది, అంతకంటే పెద్దది చేస్తే ముక్కలు ముక్కలుగానే కనబడుతుంది. మీ 15 x 20 ప్రింటుని ఏ4 కాగితం మధ్యలో తీస్తే చుట్టూ తెల్ల అంచు ఫ్రేములా పనిచేస్తుంది. వ్యాఖ్యల అక్షరాలు 24 పాయింట్లకి తగ్గించకండి.

తీగ మీద పెట్టేవాటిని మందపాటి అట్టకి పై అంచు ఒక్కటే అంటించి, పైన రెండు, కింద రెండు క్లిప్పులు. కింద కూడా ఒక తాడు ఉండాలి, లేకపోతే గాలికి తిరిగి వెనక వైపే కనబడుతుంది. అద్దం వేయకండి, ఎదుటి బల్బు అందులో మెరుస్తుంది. సాయంత్రం బల్బు పెట్టేట్టయితే బొమ్మకి నేరుగా ఎదురుగా కాక, పై నుంచి నిలువుకి 30 డిగ్రీల వాలులో. మధ్యాహ్నం సందులోకి దిగే ఎండ పట్టీ ఎక్కడ పడుతుందో ఒక రోజు ముందే సుద్దతో గుర్తు పెట్టుకుని, చేత్తో రంగు వేసినవాటిని దానికి అవతల వేలాడదీయండి.

గుమ్మంఅవతల:

ఒక్కటి మరిచాను. ఎవరి గోడ ముందు ఎవరి బొమ్మ వేలాడుతుందో కూడా అడిగి పెట్టండి. ఇరుగుపొరుగు మాట్లాడుకోని ఇళ్ళు ప్రతి సందులోనూ ఉంటాయి.